కండల బొమ్మలు గీసినవాడి స్వగతం

గ్రీకు వీరుడు ఎలా ఉంటాడో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని చాలా ఏళ్లు నమ్మాను. నెత్తిన గుర్రపు జూలు కుచ్చుతో శిరస్త్రాణం, ఒంటికి సరిపోనన్ని కండలు, ఎప్పుడూ ముడిపడి ఉండే కనుబొమలు, పాలరాతి తెలుపు. అకిలీస్ అయితే మడమలో బాణం. హెరాక్లీస్ అయితే భుజాన సింహం తోలు. ఈ గుర్తులు తెలిస్తే గ్రీసు దేశాన్ని మొత్తం గీసిపారెయ్యొచ్చని నా ధీమా.

ఆ ధీమాతోనే ఒక పిల్లల మాసపత్రికలో ట్రాయ్ యుద్ధం సీరియల్‌కి బొమ్మలు వేశాను. రచయిత కథ పంపేవారు. నేను దాన్ని పైపైన తిరగేసి, కత్తి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగేవాణ్ణి. నేను ఆధారపడ్డవి పుస్తకాలు కావు. 2004లో వచ్చిన ‘ట్రాయ్’ సినిమా, బొమ్మల క్లాసులో అభ్యాసం కోసం పెట్టే ప్లాస్టర్ తలకాయలు, జిమ్ముల గోడల మీది పోస్టర్లు. ఈ మూడూ కలిపి ఒక అకిలీస్‌ని తయారుచేశాను. పిల్లలకి నచ్చాడు, సంపాదకుడికీ నచ్చాడు. అందరికంటే ఎక్కువగా నాకు నచ్చాడు. కింద సంతకం నాది కదా మరి.

ఒకసారి ఒక పాప ఉత్తరం రాసింది. అకిలీస్ ఒంట్లో మడమ తప్ప ఇంకెక్కడా ఆయుధం దిగదన్నారు కదా, మరి మీ బొమ్మలో అంత పెద్ద కవచం ఎందుకు వేసుకున్నాడండీ, అని. సంపాదకుడు నవ్వుకుంటూ ఆ ఉత్తరం నాకు పంపారు. నేను నవ్వలేదు. కూర్చుని, ‘కవచం వీరుడికి అలంకారం, రాజసానికి చిహ్నం’ అని జవాబు రాశాను. అది అచ్చయ్యాక చదువుకుంటే ఎంత గంభీరంగా ఉందంటే, నిజమేనేమో అని నాకే అనిపించింది.

అసలు జవాబు చాలా తేలిక. హోమర్ కావ్యం ఇలియడ్‌లో అకిలీస్ వజ్రకాయుడు కాడు. ఇరవై ఒకటో సర్గలో నది ఒడ్డున ఆస్టరోపియస్ అనేవాడు రెండు చేతులతో రెండు ఈటెలు ఒకేసారి విసిరితే, ఒకటి అకిలీస్ ముంజేతిని గీరుకుంటూ పోతుంది. నెత్తురొస్తుంది. అందుకే అతనికి కవచం కావాలి. పాతది పోతే తల్లి థెటిస్ వెళ్లి దేవతల కమ్మరి హెఫైస్టస్ చేత కొత్తది చేయిస్తుంది. ఇంకో విషయం, ఇలియడ్‌లో అకిలీస్ చావడు. ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ఆ కావ్యం అయిపోతుంది. పసివాణ్ణి మడమ పట్టుకుని స్టిక్స్ నదిలో ముంచే కథ మనకు దొరికేది క్రీస్తు తర్వాత 1వ శతాబ్దంలో స్టేషియస్ అనే రోమన్ కవి రాసిన కావ్యంలో. హోమర్‌కీ అతనికీ మధ్య ఏడెనిమిది వందల ఏళ్లు గడిచిపోయాయి.

పాత కుండల మీద మడమ దగ్గర బాణం అసలే లేదని కాదు. క్రీ.పూ. 540 ప్రాంతపు కుండ ఒకటి ఉండేది. దాని మీద చచ్చిపడి ఉన్న అకిలీస్‌కి కాలి దగ్గర ఒక బాణం దిగి ఉంది, ఒంట్లో ఇంకోటి దిగి ఉంది. గ్లాకస్ అనే ట్రాయ్ వీరుడు ఆ శవాన్ని ఈడ్చుకుపోదామని చీలమండకి తాడు బిగిస్తుంటే, గ్రీకు వీరుడు అజాక్స్ అడ్డం నిలబడి అతన్ని పొడుస్తున్నాడు. ఆ కుండ తర్వాత ఎటో పోయింది. దాన్ని చూసి ఎవరో గీసి పెట్టుకున్న నకలు మాత్రం మిగిలింది. ఆ రెండో బాణం గురించి ముందే తెలిసుంటే పాపకి అంత పెద్ద మాట రాసేవాణ్ణి కాదు.

ఇక తెలుపు సంగతి. గ్రీకులు తెల్లటి పాలరాయిని తెల్లగానే వదిలేశారని, అదే వాళ్ల అభిరుచి అని, మనకే ఇన్ని రంగుల పిచ్చి అని నేను కుర్ర ఆర్టిస్టులకి పాఠాలు కూడా చెప్పాను. గ్రీసులో ఏజీనా అనే ద్వీపం మీద అఫైయా దేవత గుడి ఉంది. ఆ గుడి ముఖభాగాల మీద ట్రాయ్ యుద్ధ వీరులు నిలబడి ఉండేవారు. 1811లో వాళ్లని తవ్వితీశారు, బవేరియా యువరాజు లుడ్విగ్ కొన్నాడు, ఇప్పుడు మ్యూనిక్ నగరంలో ఉన్నారు. వాళ్లలో మోకాలు వంచి విల్లు ఎక్కుపెట్టిన ఒక విలుకాడున్నాడు, అతన్ని ట్రాయ్ రాకుమారుడు పారిస్ అంటారు. విన్‌జెంజ్ బ్రింక్‌మన్ అనే జర్మన్ పరిశోధకుడు ఆ రాతి మీద ఏటవాలు వెలుతురు, అతినీలలోహిత కిరణాలు పంపి, కంటికి కనిపించని రంగుల జాడలు పట్టుకుని, వాటి ప్రకారం రంగులు పూసిన నకలు తయారుచేయించాడు. ఆ విలుకాడి కాళ్లకి, చేతులకి బిగుతైన దుస్తులు, వాటి నిండా ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు డైమండు గళ్లు. 2003లో మ్యూనిక్‌లో ఇలాంటివన్నీ పెట్టి పెద్ద ప్రదర్శన కూడా జరిపారు.

ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట, “ఛీ, గాలిగోపురానికి రంగులేసినట్టుంది!” పుట్టిన దగ్గర్నుంచి రంగుల గాలిగోపురాల కింద తిరిగినవాణ్ణి, పన్నెండేళ్లకోసారి వాటికి కొత్త రంగులు పడుతుంటే నోరు తెరుచుకుని చూసినవాణ్ణి, తిట్టడానికి నాకు దొరికిన మాట అది. రంగు వెలిసిపోవడాన్ని అభిరుచి అనుకున్నాను. ఆ లెక్కన మా ఊరి గుడిని ఇంకో వెయ్యేళ్లు వానకి వదిలేస్తే గొప్ప కళాఖండం అయిపోవాలి.

ఇంకోటి. గ్రీసులోని మైకోనోస్ ద్వీపంలో 1961లో దొరికిన గాదె అంత మట్టిజాడీ ఒకటుంది. క్రీ.పూ. 670 ప్రాంతానిది. దాని మెడ మీద గ్రీకు సైనికులు దాక్కున్న ట్రోజన్ గుర్రం ఉబ్బెత్తుగా ఉంటుంది. కాళ్ల కింద చక్రాలు, మెడకీ పొట్టకీ చదరపు కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో సైనికుడి తల. దాని ఫోటో చూసి పడి పడి నవ్వాను. “కిటికీలు పెడితే ట్రాయ్ వాళ్లకి లోపలున్నోళ్లు కనపడరూ? ఆ కుమ్మరికి ఆమాత్రం తెలీదా?” అని. ఆ కిటికీలు ట్రాయ్ వాళ్ల కోసం పెట్టినవి కావు, చూసేవాడి కోసం పెట్టినవి. లోపల ఏముందో నీకు తెలుసు, వాళ్లకి తెలీదు అని చెప్పడానికి అంతకంటే సూటి దారి ఏదీ లేదు. నేను నవ్వుతూ పేజీ తిప్పేశాను గానీ, జాడీ కింది భాగం చూడనేలేదు. అక్కడ చిన్న చిన్న గళ్లలో ఆ గుర్రంలోంచి దిగిన వీరులు ఏం చేశారో ఉంది. తల్లుల చేతుల్లోంచి పిల్లల్ని లాక్కుని పొడుస్తున్నారు. గళ్ల నిండా అదే. నా సీరియల్‌లో గుర్రం దిగిన వీరులు దివిటీలు పట్టుకుని జయజయధ్వానాలు చేశారు, అంతే.

నా తెలివికి పరాకాష్ఠ లండన్‌లో జరిగింది. మా మేనకోడలు అక్కడ చదువుకుంటోంది. అమరావతి స్తూపం నుంచి తరలిపోయిన శిల్పాలు చూద్దామని బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్లమన్నాను. అవి చూశాక, “గ్రీకు గదులు కూడా చూద్దువుగాని రా, నేను చెప్తాను” అని దాన్ని లాక్కెళ్లాను. పెద్దవి, ఎత్తయినవి, తెల్లనివి వెతుక్కుంటూ నడుస్తున్నాను. అది ఒక అద్దాల బీరువా దగ్గర ఆగిపోయింది. లోపల మూరెడు ఎత్తుకన్నా తక్కువున్న కుండ. నల్లటి వీరుడు పైనుంచి ఈటె దించుతున్నాడు, కింద తెల్లటి మనిషి మోకాళ్ల మీద కూలిపోతోంది.

“ఇది ప్రేతాన్ని చంపే ఘట్టం. తెల్లగా ఉంది చూశావా, ప్రేతాలని అలాగే వేస్తారు,” అన్నాను ఏమాత్రం తడుముకోకుండా.

“మామయ్యా, పక్కన కార్డు మీద వేరేలా ఉందే,” అంది.

“ఆ కార్డులు రాసేవాళ్లకేం తెలుసు?”

అది ఏమీ అనలేదు. కార్డు చదువుకుని, కుండ చూసి, మళ్లీ కార్డు చదివి, నెమ్మదిగా చెప్పింది. ఆవిడ అమెజాన్లనే యోధ స్త్రీల రాణి పెంథెసిలియా. చంపుతున్నవాడు అకిలీస్. ఇద్దరి పేర్లూ బొమ్మ పక్కనే గ్రీకులో రాసి ఉన్నాయి. ఏథెన్స్ కుమ్మరి ఎక్సీకియాస్ క్రీ.పూ. 530 ప్రాంతంలో చేసి సంతకం పెట్టిన కుండ. ఆ నల్లబొమ్మల పద్ధతిలో మగవాళ్ల ఒళ్లు నల్లగా, ఆడవాళ్ల ఒళ్లు తెల్లగా వేస్తారు. అదే ప్రేతం కథ.

అప్పుడు వంగి చూశాను. అకిలీస్ ముఖం మొత్తం శిరస్త్రాణం కింద మూసుకుపోయింది, కన్ను ఒక్కటే కనిపిస్తోంది. ఆమె శిరస్త్రాణం వెనక్కి జరిగి ముఖం బయటపడింది. ఈటె మొన గొంతులో దిగింది, ఎర్రగా నెత్తురు చిమ్ముతోంది. ఆమె తల తిప్పి అతన్నే చూస్తోంది. ఈటె గీత ఒక పక్క, చూపు గీత ఇంకో పక్క. సరిగ్గా ఆ క్షణంలోనే అకిలీస్‌కి ఆమె మీద ప్రేమ పుట్టిందని గ్రీకుల కథ. ఈటె వెనక్కి తీసుకునే వీల్లేదు. అమ్మాయి పక్కన నిలబడి ఉంది కాబట్టి గొంతు సవరించుకుని ఊరుకున్నాను.

ఆ నల్లబొమ్మల పద్ధతి ఎలాంటిదో తర్వాత తెలుసుకున్నప్పుడు నా వృత్తి మీద నాకే సిగ్గేసింది. ఆ నలుపుకి వేరే రంగేదీ లేదు. అదే ఎర్రమట్టిని బాగా వడకట్టి పల్చటి పూతగా చేసి, దాంతో బొమ్మ నింపుతారు. ఆరాక సూదిలాంటి పనిముట్టుతో గీరి కళ్లు, వెంట్రుకలు, అల్లికలు తీస్తారు. తర్వాత ఆవంలో మూడు దశలు. గాలి ఆడనిస్తూ ఒకసారి కాలుస్తారు, కుండ ఎర్రబడుతుంది. గాలి మూసి పచ్చి కట్టెలు వేస్తారు, అంతా నల్లబడుతుంది. మళ్లీ గాలి వదిలితే కుండ ఎర్రదనం తిరిగొస్తుంది గానీ, పూత పూసిన చోటు గాజులా బిగుసుకుపోయి నల్లగానే ఉండిపోతుంది. గీరిన గీత చెరిపే వీల్లేదు. తొమ్మిది వందల డిగ్రీల పైచిలుకు వేడిలో ఏ దశ తప్పినా అంతా పోయినట్టే. నేనేమో కంప్యూటర్లో తప్పు గీత పడగానే వెనక్కి కొట్టేసుకుంటూ, వీరత్వం గురించి బొమ్మలు వేస్తున్నాను.

ఇంటికొచ్చాక ఎక్సీకియాస్ పనులు ఒక్కొక్కటే వెతికి చూడ్డం మొదలుపెట్టాను. వాటికన్ మ్యూజియంలో ఉన్న కుండ అన్నిటికంటే పేరున్నది. ఇటలీలోని వుల్చీలో ఎట్రుస్కన్ సమాధుల్లో దొరికింది. అకిలీస్, అజాక్స్ ఎదురెదురుగా పీటల మీద కూర్చుని, మధ్యలో దిమ్మ పెట్టుకుని పాచికలాట లాంటిదేదో ఆడుతున్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఈటెలు, ఒంటి మీద అల్లికలు నిండిన పైబట్టలు. అకిలీస్ శిరస్త్రాణం తియ్యలేదు, అజాక్స్ తీసి వెనకనున్న డాలు మీద పెట్టాడు. వాళ్ల నోటి ముందు అక్షరాలున్నాయి. అకిలీస్ ‘నాలుగు’ అంటున్నాడు, అజాక్స్ ‘మూడు’ అంటున్నాడు. హోమర్‌లో ఈ ఘట్టమే లేదు. ఈ బొమ్మ వచ్చాక మిగతా చిత్రకారులు దీన్నే పదే పదే వేశారు, అలాంటి కుండలు నూటయాభై పైనే దొరికాయి.

నిజానికి ఈ బొమ్మ నేను ముందే చూశాను. సీరియల్ రోజుల్లో రచయిత దీన్ని జతచేసి, ఇలాంటిదొకటి వెయ్యమని అడిగారు కూడా. ‘వీరులు ఆటలాడుకుంటుంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు?’ అని వద్దన్నాను. పిలిస్తే లేచి పరుగెత్తడానికి సిద్ధంగా కూర్చున్న ఆ ఇద్దరూ ట్రాయ్ నుంచి ప్రాణాలతో వెళ్లరని ఆ కుండ కొన్న ప్రతివాడికీ తెలుసు. ఒకడు నాలుగన్నాడు, ఒకడు మూడన్నాడు, ఇద్దరూ ఓడిపోయే ఆట అది. నాకు అందులో కనిపించింది కాలక్షేపం.

ఇక అజాక్స్ చావు. ఫ్రాన్సులో బులోన్ అనే ఊరి మ్యూజియంలో ఉన్న కుండ. అకిలీస్ చచ్చిపోయాక అతని ఆయుధాలు ఇంకో గ్రీకు వీరుడు ఒడిస్సియస్‌కి దక్కాయి. అవమానంతో అజాక్స్‌కి మతిపోయి, శత్రువులనుకుని పశువుల మందని నరికేశాడు. తెలివొచ్చాక బతకలేకపోయాడు. ఈ కథని అంతకు ముందు వేసినవాళ్లు కత్తి మీద పడి ఉన్న శవాన్ని వేసేవారు. నేనూ వేశాను, చేతులు చాపి, నోరు తెరిచి, రక్తం మడుగు కట్టి. ఎక్సీకియాస్ అజాక్స్‌ని బతికి ఉండగానే వేశాడు. ఒక్కడే వంగి కూర్చుని కత్తి పిడిని మట్టిలో పాతి, కదలకుండా చుట్టూ మట్టి సర్దుతున్నాడు. వెనక ఒక తాటిజాతి చెట్టు, ముందు డాలు, శిరస్త్రాణం. నొసటి మీద సూదితో గీరిన ముడతలు. ఆ కత్తి ఇలియడ్ ఏడో సర్గలో హెక్టర్ అతనికి బహుమానంగా ఇచ్చినది. శత్రువు చేతుల్లో చావనివాడు శత్రువు కానుకతో చస్తున్నాడు.

నేను బొమ్మ వెయ్యడానికి ఎంచుకునే క్షణం ఎప్పుడూ దెబ్బ తగిలే క్షణమే. నేర్చుకున్నది కూడా అదే, పత్రికల్లో అడిగేది కూడా అదే. ఆ పెద్ద చేతులు ఇంత జాగ్రత్తగా మట్టి సర్దుతుంటే వచ్చే భయం, నేను కుండలకొద్దీ ఒలికించిన ఎర్రరంగులో ఎప్పుడూ రాలేదు.

అకిలీస్ స్నేహితుడు పెట్రోక్లస్ విషయంలో చేసింది కూడా చెప్పుకోవాలి. సినిమాలో చూసి అతన్ని మీసాలు కూడా రాని కుర్రాడిగా వేశాను. ఇలియడ్‌లో పెట్రోక్లస్ అకిలీస్ కంటే వయసులో పెద్దవాడు. బెర్లిన్‌లో సోసియాస్ అనే కుమ్మరి సంతకమున్న మద్యపాత్ర ఒకటుంది, క్రీ.పూ. 500 నాటిది. దాని లోపలి బొమ్మలో గడ్డమున్నవాడు పెట్రోక్లస్, గడ్డం లేని కుర్రాడు అకిలీస్. పెట్రోక్లస్ చేతికి బాణం తగిలితే అకిలీస్ కట్టు కడుతున్నాడు. నొప్పికి పెట్రోక్లస్ మొహం తిప్పుకుని పళ్లు బిగించాడు, ఆ పళ్లు తెల్లగా కనిపిస్తాయి. అకిలీస్ తల ఎత్తడు, చూపంతా కట్టు మీదే. తాగేవాడు ద్రాక్షసారా ఖాళీ చేస్తే గానీ ఈ బొమ్మ బయటపడదు. ప్రపంచంలోకెల్లా కోపిష్ఠి అని నేను ముద్రవేసినవాడు, మద్యపాత్ర అడుగున కూర్చుని స్నేహితుడి గాయానికి గుడ్డ చుడుతున్నాడు.

నా మూర్ఖత్వం ఎక్కడుందో ఇవన్నీ చూశాక అర్థమైంది. కథ ఎలా ముగుస్తుందో ఆ కుమ్మరులకీ తెలుసు, కొనేవాళ్లకీ తెలుసు. ఎవరు గెలిచారో బొమ్మలో చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు. అందుకే ముందు క్షణమో, తర్వాత క్షణమో వేసే తీరిక దొరికింది. నేను గెలుపు వెయ్యకపోతే చూసేవాడికి వీరుడని తెలియదేమో అని భయపడ్డాను. ఆ భయాన్ని కండలతో కప్పాను.

తెలిసొచ్చాక బుద్ధిగా ఉన్నానా అంటే అదీ లేదు. ఒక పెళ్లిలో పక్కాయన మాటల మధ్యలో ఎవరి బలహీనత గురించో “అది వాడి అకిలీస్ మడమ అండీ” అన్నారు. నేను ప్లేటు పక్కన పెట్టి, స్టేషియస్ దగ్గర మొదలుపెట్టి, పోయిన కుండ దాకా అంతా చెప్పాను. ఆయన మర్యాదగా విని, పెరుగు అన్నం కలుపుకోవడానికి లేచి వెళ్లారు. మళ్లీ ఆ కుర్చీలోకి రాలేదు. తెలియనప్పుడు గంభీరంగా అబద్ధం చెప్పాను, తెలిశాక గంభీరంగా నిజం చెప్పాను. వినేవాడి పరిస్థితి రెండుసార్లూ ఒక్కటే.

ఈమధ్య ఆ సీరియల్‌ని పుస్తకంగా వేస్తున్నామని ఫోన్ చేశారు. బొమ్మలన్నీ కొత్తగా వేస్తానన్నాను. వేశాను కూడా. పెట్రోక్లస్‌కి గడ్డం పెట్టాను, విలుకాడికి రంగుల గళ్ల దుస్తులు తొడిగాను, అజాక్స్ చేత మట్టి సర్దించాను. సంపాదకుడు చూసి, “ఆర్టిస్టు గారూ, లోపలివి బాగున్నాయండీ. అట్టకి మాత్రం ఆ పాత బాణం బొమ్మే కావాలి. మడమ లేకపోతే అకిలీస్ అని ఎవరికి తెలుస్తుంది చెప్పండి? షాపులో పుస్తకం ఎలా కదులుతుంది?” అన్నారు.

హోమర్ గురించి, ముంజేతి గాయం గురించి, రెండో బాణం గురించి ఆయనకి చెప్పాల్సింది చాలా ఉంది. పెళ్లిలో చెప్పినవాణ్ణి అక్కడ చెప్పలేకపోయానా? “సరేనండీ” అన్నాను. పాతదానికంటే కండలు ఇంకాస్త పెంచి, మడమలో బాణం ఇంకాస్త లోతుగా దించి ఇచ్చాను. అది తప్పని తెలియని రోజుల్లో ఆ బొమ్మకి ఇచ్చినదానికంటే, తెలిసి వేసినదానికి డబ్బు ఎక్కువే ఇచ్చారు.